గంప మీద చెయ్యి

మా ఆవిడ నన్ను తిట్టడం మానేసిందని డాక్టరమ్మ దగ్గర మొరపెట్టుకున్న రోజున ఆ ల్యాబులో ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు.

నవ్వరా మరి! ఏ మొగుడైనా ఎగిరి గంతెయ్యాల్సిన సంగతి అది. కానీ వాళ్ళకి పైడమ్మ సంగతి పూర్తిగా తెలియదు. విశాఖపట్నం చేపల రేవులో వేలం వేసే మనిషి ఆమె. పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చాక గొంతు విప్పిందంటే ఐసు ఫ్యాక్టరీ దాకా వినిపిస్తుంది. ఆ నోరు ఇంటికొచ్చాక మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? టీ చల్లారబెడితే ఒక తిట్టు, గబగబా తాగేస్తే ఇంకో తిట్టు. గ్రీజు చేతులతో తలుపు ముట్టుకుంటే మా తాతముత్తాతలందరికీ కలిపి ఒకటి. నేను పడవల ఇంజన్లు బాగుచేసేవాడిని, గ్రీజు లేని చెయ్యి నాకు లేదు, కాబట్టి మా పెద్దలకి రోజూ తద్దినమే. అలాంటి మనిషి కొన్ని వారాలుగా వేలు చూపించి, తలాడించి సంసారం నడిపేస్తోంది. ఇల్లు ఇల్లులా లేదు. నాకు నిజంగా భయం వేసింది.

ఇదంతా మా అమ్మాయి మాటల కోసం మొదలైంది.

సాగరిక పుట్టగానే ఏడవలేదు. ఏడ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ కాసేపు మెదడుకి గాలి అందలేదన్నారు. కుడిచెయ్యి ముడుచుకుని ఉంటుంది, నడక ఒక పక్కకి ఒరుగుతుంది. బుర్ర మాత్రం పాదరసం. తొమ్మిదేళ్ళ పిల్ల, ఏ పడవ ఏ రోజు వేటకి వెళ్ళిందో, ఎప్పుడు రావాలో రేవులో పెద్దవాళ్ళు దాన్నే అడుగుతారు. జవాబు దానికి తెలుసు. చెప్పడమే రాదు. నోరు తెరిస్తే మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయి, ముద్దగా బయటికొస్తాయి. నాకు సగం అర్థమయ్యేది. పైడమ్మకి మొత్తం అర్థమయ్యేది. కొట్టు దగ్గరా, బడి దగ్గరా, బస్సులోనూ పిల్ల నోరు కదిపితే పైడమ్మే తిరిగి చెప్పేది.

బీచి రోడ్డు వెనకున్న ఒక చిన్న పునరావాస కేంద్రంలో నఫీసా మేడమ్ అని మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు ఉంది, మాకు ఆవిడే డాక్టరమ్మ. సాగరికకి అయిదేళ్ళు నిండినప్పటి నుంచీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. "నాలుకకి ఎక్కడికెళ్ళాలో తెలుసండీ, దారే తెలీదు. ఆ దారి మనం వెయ్యాలి" అనేదావిడ. పెదవి మూల బెల్లంపాకం రాసి నాలుకతో అందుకోమనేది. గ్లాసులో గొట్టం పెట్టి బుడగలు ఊదించేది. అద్దం ముందు కూర్చోబెట్టి, ఒక్కో అక్షరానికీ బల్ల మీద వేలితో ఒక దెబ్బ వేస్తూ నిదానంగా మాట చెప్పించేది. ఇంటి దగ్గర పైడమ్మ అదే పని రెండు పూటలా చేయించేది. పెదాలతో పలికేవి ముందు వచ్చాయి. అమ్మ, పప్పు, బొమ్మ. నాన్న రావడానికి ఇంకో ఏడాది పట్టింది. అది వచ్చిన రోజున నేను ఇంజను విప్పి వదిలేసి రేవంతా తిరిగి చెప్పుకున్నాను. కానీ 'సాగరిక' అన్న పేరు మాత్రం దాని నోట రాలేదు. సముద్రం మీద బతికేవాళ్ళమని ముచ్చటపడి నేనే పెట్టిన పేరు అది. పెట్టినప్పుడు ఇవన్నీ ఎవరికి తెలుసు!

అలా ఉండగా జోడు పట్టీలు వచ్చాయి.

వాటిని తయారుచేసింది ఆ కేంద్రంలోనే ల్యాబు పెట్టుకున్న నిరంజన్ అనే ఇంజనీరు. మనిషి సన్నగా, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టు ఉంటాడు. గడ్డం కింద కట్టుకునే రిబ్బను లాంటి పట్టీ ఒకటి, అంగిలికి అతుక్కునే పల్చటి బిళ్ళ ఒకటి, తలకి వలటోపీ ఒకటి. ఇలాంటివి రెండు జతలు. ఒకటి మాట బాగా వచ్చినవాళ్ళకి, ఒకటి రానివాళ్ళకి. మొదటి రోజు తల్లినీ కూతుర్నీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టారు.

"పడవ అనండి, పైడమ్మా" అంది నఫీసా మేడమ్.

పైడమ్మ "పడవ" అంది. ఎదురుగా ఉన్న సాగరిక పెదాలు వాటంతట అవే మూసుకుని తెరుచుకున్నాయి. నాలుక మడత పడింది. పిల్ల కిచకిచా నవ్వేసింది. నోట్లో చీమ పాకినట్టుందని సైగ చేసింది. మళ్ళీ అనిపించారు, మళ్ళీ, మళ్ళీ. ఆ పూట అయ్యేసరికి తల్లి ఊరుకున్నా కూతురు తనంతట తాను "పడవ" అంది. ముద్ద లేదు, జారుడు లేదు. గోడ మీద రాసినట్టు స్పష్టంగా ఉంది.

నాలుగేళ్ళ పని ఒక్క పూటలో! నేను నిరంజన్ చేతులు పట్టేసుకున్నాను. గ్రీజు అంటినా అతనేమీ అనలేదు.

"అమ్మ నాలుక మెదడులో వేసుకున్న దారి పాపకి అందుతుందండీ" అన్నాడతను. "ఇచ్చేవాళ్ళకి ఇబ్బందేమీ ఉండకూడదు. అయినా వారం వారం చూసుకుంటూ ఉంటాం."

చూసుకోవడానికి ముందుగా పైడమ్మ గొంతు రికార్డు ఒకటి కావాలన్నారు. ఏదైనా మాట్లాడమని మైకు ముందు పెట్టేసరికి, రేవంతా హడలెత్తించే మా ఆవిడ కొత్తపెళ్ళికూతురిలా సిగ్గుపడిపోయింది.

"ఏటి మాటాడాలండి? నాకేటొచ్చు?"

"మీకు అలవాటైంది ఏదైనా ఫరవాలేదు."

పైడమ్మ కొంగు బిగించి, చెవి మీద చెయ్యి పెట్టుకుని వేలం కేక అందుకుంది. "రండి రండి రండోరి... వంజరం గంపండోయ్ వంజరం... మొప్ప సూసుకోండి, ఎర్రగుంది... కన్ను సూసుకోండి, మెరుస్తంది... ఒకటోసారీ... రెండోసారీ..." పక్క గదుల్లోంచి జనం వచ్చేశారు. చప్పట్లు కొట్టారు. మూడోసారి అన్నాక ఏమవుతుందని ఎవరో అడిగితే, మూడోసారి అన్నంత మాత్రాన మా రేవులో వేలం తెగదని పైడమ్మ చెప్పింది. పాడుకున్నవాళ్ళు ముందుకొచ్చి గంప మీద చెయ్యి వెయ్యాలి. చెయ్యి పడకపోతే సరుకు ఇంకా అమ్మినవాళ్ళదే.

అప్పటినుంచీ ప్రతి సోమవారం పరీక్షకి ఆ కేకే వేయించుకునేవాళ్ళు. మొదటిదానితో పోల్చి చూడాలంటే ఎప్పుడూ అదే ఉండాలట. వినడానికి వాళ్ళకీ సరదాగా ఉండేది.

సాగరికకి మాట తర్వాత మాట వచ్చేసింది. చేప, తెప్ప, గాలం, కిటికీ. ఒకరోజు బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "నా పేరు సాగరిక" అంది. అని, మేమేం చేస్తామో చూద్దామన్నట్టు నిలబడింది. నేను ఏడ్చాను, ఎందుకు దాచాలి. పైడమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుని తల నిమిరింది. నిమురుతూనే ఉంది. ఒక్క మాట అనలేదు. సంతోషం ఎక్కువైందనుకున్నాను.

గొట్టాలూ అద్దమూ అటకెక్కేశాయి. ఇంక వాటితో పనేముంది? పిల్ల బళ్ళో పాఠం చదివింది. పక్కింటి కుర్రాళ్ళతో దెబ్బలాడి గెలిచింది. ఒక సాయంత్రం నేను గ్రీజు చేతులతో తలుపు ముట్టుకుంటే, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నీ సేతులిరిగిపోను, తలుపు నీ తాత కొనిచ్చాడేటి?" అంది. అచ్చం పైడమ్మ మాట, పైడమ్మ విరుపు. పడీ పడీ నవ్వాను. నవ్వు ఆగాక పైడమ్మ కేసి చూశాను. పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని ఉంది. తిట్లు ఇంట్లోంచి పోలేదు, తిట్టే మనిషే మారింది అనిపించింది.

"ఏటే, పలకవేటి?" అన్నాను.

నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. తర్వాత చెయ్యి విసిరేసి, కూర కలుపుకోసాగింది.

అదిగో, అప్పుడు వెళ్ళి డాక్టరమ్మ దగ్గర మొరపెట్టుకున్నాను. నవ్వినంతసేపు నవ్వినా, పాపం, ఆవిడ కొట్టిపారెయ్యలేదు. సోమవారం దాకా ఆగకుండా అప్పటికప్పుడే పైడమ్మని పిలిపించి పరీక్ష పెట్టించింది. మైకు ముందుకి రాగానే పైడమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకుని కేక అందుకుంది. ఒక్క అక్షరం తడబడలేదు. తెర మీద పాత గీతా కొత్త గీతా ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడ్డాయి.

"చూశారా ఎల్లాజీ గారూ, బాగానే ఉంది" అన్నాడు నిరంజన్. "అలసట అయ్యుంటుంది."

పైడమ్మ నా కేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఊరుకోమని బతిమాలుతున్న చూపు అది. ఆమెకి అన్నీ తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. ఇంటికొచ్చాక నిలదీశాను. సాగరికని చూపించి రెండు చేతులూ జోడించింది. అంతే, నా నోటికి తాళం పడింది. కూతురు గలగలా మాట్లాడుతూ పుస్తకం చదువుకుంటోంది. ఎవరిని చూసి ఏమని చెప్పను?

ఆ తాళం రేవులో పగిలింది.

ఒక ఉదయం, వేలం అయిపోయి జనం చెదురుతున్న వేళ. నేను ఒక పడవ మీద ఇంజను చూస్తున్నాను. పక్క పడవ నీళ్ళలోకి కదులుతోంది. దాని మోకు గట్టు మీద చుట్టలు చుట్టలుగా పడి, ఒక్కో చుట్టా విడిపోతూ నీళ్ళలోకి జారుతోంది. సాగరిక వెళ్ళే పడవకేసి చూస్తూ, ఆ చుట్టల మధ్యలో పాదం పెట్టి నిలబడి ఉంది. మోకు బిగిస్తే కాలు మిగలదు, కాలుతో పాటు పిల్లా మిగలదు. నేను చూసేసరికి పైడమ్మ అప్పటికే చూసింది. తల్లికీ పిల్లకీ మధ్య గంపలూ ఐసుపెట్టెలూ ఉన్నాయి, పరిగెత్తినా అందదు. నోరు తెరిచింది. పేరు పెట్టి పిలవడానికి మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నించింది. వచ్చింది పేరు కాదు.

"ఒకటోసారీ!"

రేవు దద్దరిల్లింది. నాలుగు మొహాలు ఇటు తిరిగాయి. ఏ గంపా లేకుండా ఈ వేలం ఏమిటని ఒకతను నవ్వాడు కూడా.

"రెండోసారీ! మూడోసారీ!"

సాగరిక వెనక్కి తిరిగింది. తల్లి కళ్ళూ, తన పాదాల కేసి చాచిన చెయ్యీ చూసింది. కిందికి చూసింది. ఆ వంకర కాలుని మంచి చేత్తో పట్టి లాక్కుని వెల్లకిలా పడింది. మరుక్షణం మోకు అది నిలబడ్డ చోటు మీదుగా బుసకొడుతూ వెళ్ళిపోయింది.

నేను ఎలా దూకానో, ఎలా చేరానో తెలియదు. పైడమ్మ పిల్లని గుండెకి హత్తుకుని ఊగిపోతోంది. పెదాలు కదుల్తున్నాయి, శబ్దం లేదు. సాగరిక తల్లి మొహాన్ని తన మంచి చేత్తో పైకెత్తింది.

"అమ్మా, నా పేరు సెప్పు" అంది.

పైడమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాన్న పేరు సెప్పు. పోనీ, పప్పు అను."

పైడమ్మ కళ్ళు మూసుకుంది.

"నాకు తెలుస్తానే ఉంది" అంది సాగరిక నా కేసి తిరిగి. "పట్టీ పెట్టుకుంటే అమ్మ నాలిక నాకు తగుల్తది. మొదట్లో బేగి బేగి పోయేది. ఈ మద్దిన తడుముకుంటంది. నా నాలికే అనుకున్నాను నాన్నా, అమ్మదనుకోలేదు."

అవే రేవు బట్టలతో కేంద్రానికి వెళ్ళాం. నఫీసా మేడమ్ ఈసారి వేలం కేక అడగలేదు. గ్లాసు చూపించి ఏమిటని అడిగింది. కిటికీ చూపించింది. తన పేరు చెప్పమంది. పైడమ్మ దేనికీ జవాబు ఇవ్వలేకపోయింది. మేడమ్ మొహం పాలిపోయింది. నిరంజన్ చాలాసేపు తెర మీద ఏవేవో గీతలు తిప్పి తిప్పి చూసి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"నిండిన డ్రమ్ముకీ ఖాళీ డ్రమ్ముకీ గొట్టం కలిపితే ఏమవుతుందో అదే అయింది" అంది మేడమ్. "పాపకి కాపీ వెళ్తోందనుకున్నాం. కాదు, దారే తరలిపోయింది. వేలం కేక ఒక్కటే కదల్లేదు. అది చిన్నప్పటినుంచీ రేవులో నిలబడి పట్టుబట్టి నేర్చుకున్నది, పాటలా వరస కట్టి ఉన్నది. దానికి మెదడులో చోటు వేరు. మేం వారం వారం దాన్నే పరీక్ష చేశాం. మీరు చెప్పినప్పుడు నవ్వాం కూడా."

"ఇప్పుడేటి దారమ్మా?" అన్నాను.

ఆవిడ దాచకుండా చెప్పింది. ఇప్పుడు ఆపేస్తే సాగరికకి వచ్చిన మాటలు నిలవవు. ఇంకా కుదురుకోలేదు, చాలామటుకు జారిపోతాయి. ఇంకొన్ని వారాలు సాగిస్తే పిల్లకి స్థిరపడిపోతాయి. తల్లికి మాత్రం వేలం కేక తప్ప ఈ జన్మకి ఇంకేమీ మిగలదు.

పైడమ్మ ఇంక వినలేదు. లేచి వెళ్ళి పట్టీ తెచ్చుకుని తన గడ్డం కింద తానే కట్టుకుంది. రెండోది కూతురి ముందు పెట్టింది. సాగరిక దాన్ని తోసేసింది. తల్లి మళ్ళీ పెట్టింది. పిల్ల మళ్ళీ తోసేసింది. పైడమ్మ ఏదో చెప్పబోయింది, నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, కోపంతో కుర్చీ మీద గుద్దింది. తన కూతురికి తన మనసులో మాట చెప్పుకోలేక ఆ మనిషి పడ్డ అవస్థ నేను చూడలేకపోయాను. ఉన్నట్టుండి నిటారుగా నిలబడి, చెవి మీద చెయ్యి పెట్టుకుంది. కొంగుని రెండు చేతులతో గంపలా పట్టి సాగరిక ముందు చాపింది.

"రండి రండి రండోరి..." గది గోడలు మోగాయి. "మాటండోయ్ మాట... నా మాటండోయ్... సూసుకోండి... నా కూతురికే... ఇంకెవురికీ కాదు... ఒకటోసారీ... రెండోసారీ..." గొంతు జీరపోయింది, అయినా ఆగలేదు. "మూడోసారీ!"

నిరంజన్ అటు తిరిగిపోయాడు.

సాగరిక ఆ కొంగు కేసి చూసింది. తర్వాత మంచి చేతినీ, ముడుచుకున్న చేతినీ కూడా వీపు వెనక్కి పెట్టేసుకుంది.

"తెగనేదు" అంది. "నాను సెయ్యెయ్యనేదు."

పైడమ్మ కొంగు ఇంకా ముందుకి చాపింది.

"ఎయ్యను. ఎన్నిసార్లు కేకేసినా ఎయ్యను." ఏడుస్తూనే, అరువు తెచ్చుకున్న ఆ స్పష్టమైన మాటలతో చెప్పింది. "నా పేరు నానే సెప్పుకుంటే ఏటి లాభమే అమ్మా? నువ్వు పిలవాల. నువ్వు పిలవకపోతే ఆ పేరు నాకెందుకు? నాది నాను నేర్సుకుంటాను. నిదానంగా నేర్సుకుంటాను. నీది నీకాడే ఉంచుకో."

కొంగు జారిపోయింది. పైడమ్మ నేల మీద కూలబడి పిల్లని కరుచుకుంది. నేనూ వెళ్ళి వాళ్ళ మీద పడ్డాను. ఇంక మా ముగ్గురిలో ఎవరు ఎవరిని ఓదార్చారో చెప్పలేను.

కాసేపటికి నఫీసా మేడమ్ వచ్చి మా పక్కనే నేల మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. రెండు పట్టీలూ తీసి నిరంజన్ చేతికిచ్చి, బీరువాలో పెట్టి తాళం వెయ్యమంది. తర్వాత పైడమ్మ చెయ్యి పట్టుకుంది.

"పైడమ్మా, ఇందాక నువ్వు 'నా కూతురికే' అన్నావు. అది వేలంలో అనే మాట కాదు కదా?"

పైడమ్మ అర్థంకానట్టు చూసింది.

"కొత్త మాట అది. మామూలుగా రాలేదు, కానీ ఆ వరసలో పెడితే వచ్చింది. దారి మొత్తం పోలేదు, తల్లీ. ఈ వరస పట్టుకుని వెనక్కి నడుద్దాం. ఇద్దరూ కలిసే నడవండి. పాపకి కూడా ఈ కేకలోని తాళం పనికొస్తుంది."

అలా అటక మీది అద్దం మళ్ళీ కిందికి దిగింది.

సాగరిక మాటలు నిజంగానే జారిపోయాయి. ఒక పొద్దున ర పోయింది, ఇంకో పొద్దున స పోయింది, తన పేరు తనకి మళ్ళీ అందకుండా పోయింది. పిల్ల బళ్ళోంచి ఏడుస్తూ వచ్చిన సాయంత్రాలున్నాయి. పట్టీ మళ్ళీ కట్టిస్తే పోలేదా అని నా పాడు మనసు ఒకటి రెండుసార్లు గొణిగింది కూడా. కానీ అన్నీ పోలేదు. పాత వ్యాయామంతో వచ్చినవి ఒక్కటీ చెదరలేదు. పక్కింటి కుర్రాళ్ళతో పంతం పట్టి దెబ్బలాడి గెలిచిన మాటలు కూడా చాలావరకు నిలబడ్డాయి. తాను కష్టపడి వాడుకున్నది తనకే ఉండిపోయిందని మేడమ్ అంది.

ఇంక మా ఇల్లు చూడాలి! తల్లీ కూతురూ అద్దం ముందు పక్కపక్కనే కూర్చుని, పెదవి మూల బెల్లంపాకం రాసుకుని నాలుకలు తిప్పేవాళ్ళు. గొట్టాలతో బుడగలు ఊదేవాళ్ళు. ఎవరివి ఎక్కువొచ్చాయని పేచీ పడేవాళ్ళు. పైడమ్మకి ఏం కావాలన్నా వేలం వరసలోనే అడగాలి కాబట్టి మా ఇంట్లో ఉప్పూ పప్పూ అన్నీ వేలానికి వచ్చేశాయి. "నీళ్ళండోయ్ నీళ్ళు... బిందె కాళీగుంది..." అని వంటింట్లోంచి కేక వేస్తే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. సాగరిక బల్ల మీద వేలితో తాళం వేస్తూ ఆ వరసనే నిదానంగా పట్టుకునేది. తల్లి వేగం తగ్గించేది, కూతురు పెంచేది, ఇద్దరూ మధ్యలో ఎక్కడో కలిసేవాళ్ళు. వారానికోసారి మేడమ్ విని, కేకలో కొంచెం కొంచెంగా వరస తీసేయిస్తూ వచ్చింది. నిరంజన్ పట్టీని విప్పి కొత్తగా కట్టాడు. ఇప్పుడది ఎవరికీ ఏమీ ఇవ్వదు, ఎవరినుంచీ ఏమీ తీసుకోదు. పిల్ల నాలుక ఎటు పోతోందో తెర మీద చూపిస్తుంది, అంతే. సాగరిక లాంటి పిల్లలు ఇప్పుడు ఆ కేంద్రానికి చాలామంది వస్తున్నారు.

ఒక మధ్యాహ్నం పైడమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ, వరస లేకుండా, తాళం లేకుండా, "సాగరికా, తాడు పట్టుకోయే" అంది. అని తనే ఉలిక్కిపడింది. లోపల్నుంచి పిల్ల తన వంకర నడకతో ఎంత వేగంగా పరిగెత్తిందో! తాడు పట్టుకోలేదు. అమ్మ నడుం పట్టుకుంది.

మొన్న ఆదివారం ముగ్గురం పూర్ణా మార్కెట్టుకి బయలుదేరాం. బస్సు కిక్కిరిసి ఉంది. సాగరిక ఒక సీటులో దూరి కూర్చుంది, దాని పక్కన కిటికీ వైపు పైడమ్మ. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, చేతిలో మిషను మీద వేలు పెట్టి, ఎదురుగా ఉన్న పిల్లనే అడిగాడు.

"ఎక్కడికమ్మా?"

సాగరిక నోరు తెరిచింది. "పూ..." అని ఆగింది. వెనక ఎవరో టిక్కెట్టు టిక్కెట్టు అని అరుస్తున్నారు. కండక్టరు మొహంలో విసుగు కనిపించింది. పైడమ్మ పెదాలు విడిపోవడం చూశాను. తొమ్మిదేళ్ళ అలవాటు మరి. ఆ మాట ఇప్పుడు ఆమెకి వచ్చు, గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. చెప్పలేదు. కింది పెదవిని పంటితో నొక్కిపట్టి కిటికీ కేసి తిరిగిపోయింది. నేను కడ్డీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్ళు నొప్పెట్టాయి.

సాగరిక ముందు సీటు రేకు మీద వేలితో కొడుతూ, ఒక్కో దెబ్బకి ఒక్కో ముక్క చొప్పున పూర్తిచేసింది. ర ఇంకా కొంచెం మెత్తగానే ఉంది. మాట మాత్రం మాటే.

"పూర్ణా... మార్... కెట్టు."

"మూడా?"

"మూ...డు."

మిషను టిక్కుమంది. కండక్టరు టిక్కెట్లు చింపి పిల్ల చేతికిచ్చి, "జరగండి, జరగండి" అంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. ఏమన్నావని మళ్ళీ అడగలేదు. మా మొహాల కేసి చూడనే లేదు. ఊరూ పేరూ తెలియని మనిషి మా పిల్లని ఒక మాట అడిగాడు, అది జవాబు చెప్పింది, అతను విని వెళ్ళిపోయాడు. పిల్ల పుట్టినప్పటి నుంచీ నేను దేవుణ్ణి అడిగింది ఇంతే.

పైడమ్మ భుజాలు కదులుతున్నాయి. కిటికీ కేసి తిరిగే ఏడుస్తోంది. నా కళ్ళు కూడా నిండిపోయాయి. సాగరిక టిక్కెట్లు గుప్పిట్లో పట్టుకుని అటు అమ్మనీ ఇటు నన్నూ చూసింది.

"ఏటయ్యింది... మీకు?" అంది.

నిదానంగానే అడిగింది. తన నాలుకతో అడిగింది.